ఆయుధపూజ నాడు దించిన మెయిన్ స్విచ్

ఆయుధపూజ శుక్రవారం పడిన ఏడాది, ఆ పొద్దు పది గంటల ఇరవై నిమిషాలకు, తుడియలూరులోని మా తెలుగు సంఘం హాలులో మెయిన్ స్విచ్ దించింది నేనే. ఇంకెవరి మీదా నెపం నెట్టను.

పంపులు చేసే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఇనుము చెక్కే లేత్ తిప్పినవాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడాను గానీ ఏ అక్షరాలూ రాలేదు. పని మానేశాక ఇదే హాలులో పిల్లల పక్కన కూర్చుని తెలుగు దిద్దాను. కలం పడితే చేయి వణుకుతుంది కనుక, హాలులోని పాత కంప్యూటర్లో ఒక్క వేలితో కొట్టడం నేర్చుకున్నాను. అందులో కొట్టింది ఒక్కటే, మా అక్క పాట.

పెండ్లిలో వియ్యపురాలిని ఎగతాళి చేస్తూ పాడే పాట అది. మా వైపు అది మొదటి నుంచి చివరి దాకా తెలిసింది అక్కకు మాత్రమే. రోజుకొక చరణం చెప్పేది. చరణానికొక ఫైలు చేసేవాణ్ణి. ఫోనులో పట్టుకుంటానంటే ఒప్పుకోలేదు.

"గొంతు గరగర అంటుండాది. నేను పోయినాక ఈ గొంతు విని నవ్వేకా?" అంది.

నలభై ఒక్క చరణాలయ్యాయి. ఆ తర్వాత పక్షవాతం వచ్చి అక్కకు మాట పడిపోయింది. ఇక ఆ పాట ఉన్నది ఆ కంప్యూటర్లోనే.

ఒక మిల్లు ఆఫీసు వాళ్లు సంఘానికి ఆరు పాత కంప్యూటర్లు ఇచ్చారు. తమ కాగితాలు బయటికి పోకూడదని లోపలి డిస్కులు పీకేసి ఇచ్చారు. మా తమ్ముని కోడలు కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. ఆమె చూసి, డిస్కులు అక్కరలేదంది. బీరువాలో ఒక పెట్టె పెట్టి, దానికి స్టోరేజీ అని పేరు చెప్పింది. కంప్యూటర్లను నడిపే లినక్స్ అంతా ఆ పెట్టెలోనే ఉంటుందట. ఆరు మిషన్లూ వైరు మీద అక్కడి నుంచే తెచ్చుకుని లేస్తాయట. నాకు కష్టం కాలేదు. నేను పనిలో చేరిన కొత్తలో లేత్‌లకు సొంత మోటారు ఉండేది కాదు. గోడవార పొడుగాటి షాఫ్ట్, దానికి ఒకటే మోటారు, బెల్టుల మీద అన్నీ తిరిగేవి. ఇదీ అంతేననుకున్నాను. అంతా తెలిసిపోయిందనుకోవడమే నేను చేసిన తప్పు.

కాలేజీకి సెలవని, మిగిలిన పని ముగించడానికి కోడలు ఆయుధపూజ నాడే వచ్చింది. పాట ఉన్న పాత కంప్యూటర్ డిస్కు కీచుమంటోంది.

"మొదట మీ పాట పెట్టెలోకి పోనీ మామా. ఆ మీదట ఈ డిస్కు తీసేస్తా, ఇది కూడా వైరు మీదనే లేస్తుంది. అయ్యేదాకా ఎవురూ దీన్ని తాకొద్దండి" అంది.

కాపీ మొదలైంది. డిస్కు అరిగిపోయింది కనుక మెల్లగా సాగుతోంది. ఈలోగా మిల్లు వాళ్లిచ్చిన ఆరింటినీ ఆన్ చేసింది. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు పరుగెత్తాయి.

"ఏమ్మా, ఏమో అడుగుతుండాదే?"

"నేనెవరు, నా అడ్రసేంది అని అడుగుతుండాది మామా. పెట్టె జవాబు చెప్పల్ల."

ఐదింటికి జవాబు వచ్చింది. ఆరోది అడుగుతూనే ఉంది.

"దీన్ని పుట్టింటోళ్లు మరిచినారు" అంటూ ఆమె వైరు మార్చడానికి బల్ల కిందికి దూరింది.

అటు ఆడవాళ్లు గంధం, కుంకుమ, మరమరాలు, సుండలనే శనగ గుగ్గిళ్లు సర్దారు. సంఘం కార్యదర్శి గడియారం చూశాడు.

"అన్నా, పదిన్నరకు రాహుకాలం. నల్ల నేరం, మంచి గడియ, పోతుండాది, బొట్టు పెట్టేయండి."

తిరిగే మిషనుకు మేము బొట్టు పెట్టం. మెయిన్ దించాలి, మిషను నిలవాలి, తుడిచి గంధం పూయాలి. మరునాడు పొద్దుటి దాకా ఎవరూ తాకకూడదు. ముప్పై నాలుగేళ్లూ మా వర్క్‌షాపులో మెయిన్ దించింది నేనే. తాకొద్దని కోడలు చెప్పింది నేను వినలేదని అనను. విన్నాను. మోటారు ఆపితే లేత్‌లో బిగించిన ఇనుము ఎక్కడికీ పోదు, రేపు తిప్పితే ఆగిన చోటి నుంచే కోత మొదలవుతుంది. పాట కూడా అట్లాగే ఉంటుందనుకుని దించేశాను.

ఫ్యాన్లు నిలిచాయి. బల్ల కింది నుంచి గొంతు వచ్చింది.

"మామా, ఏం చేస్తిరి?"

"పూజకు దించినా."

"ఎత్తండి. ఉడనే, ఇప్పుడే ఎత్తండి."

"దించినాక ఎత్తేది పద్ధతి కాదు కదమ్మా" అంది కార్యదర్శి భార్య. అయినా నేను ఎత్తాను.

కాసేపటికి పెట్టె లేచింది. దాని వెంట ఆరు కంప్యూటర్లూ లేచాయి, ఆరోదానితో సహా. పాట ఉన్న పాతది మాత్రం టక్, టక్ అని కొట్టుకుని ఊరుకుంది, దాని డిస్కు మళ్లీ తిరగలేదు. కోడలు డిస్కు ఊడదీసి చెవి దగ్గర పెట్టుకుంది. వేరే వైరుకు తగిలించింది. మళ్లీ తీసి, మళ్లీ తగిలించింది.

"ఎన్ని వచ్చినాయమ్మా?"

"పంతొమ్మిది."

"తక్కినవి?"

"దీంట్లోనే ఉండాయి మామా. తీసేకి నా చేత కాదు. ఇంకెవరి చేతనన్నా అవుతుందో లేదో, అబద్ధం చెప్పను."

లేత్ అయితే విప్పి బేరింగు మార్చేవాణ్ణి. ఇది నా అరచేతిలో పట్టేంత ఉంది, స్పానరు పెట్టడానికి ఒక్క చోటు లేదు.

అక్కను చక్రాల కుర్చీలో పూజకు తెచ్చి ఉన్నాం. ఆమె ఎదుట, లేచిన ఆరింటిలో ఒకదాని తెర మీద పంతొమ్మిదీ కూడబలుక్కుంటూ చదివాను. ఆడవాళ్లు నవ్వారు. పంతొమ్మిదో చరణంలో వియ్యపురాలు విస్తరి ముందు కూర్చుని, వడ్డించేదాని వంక చూసి నోరు తెరుస్తుంది. ఏమంటుందో ఇరవయ్యో చరణంలో ఉంది.

నేను ఆగాను. అక్క ఎడమ చేతి వేలు కుర్చీ మీద తాళం వేస్తూనే ఉంది. నావైపు చూసింది, చదవరా అన్నట్టు.

"తరువాత ఏందో మీకెవరికన్నా తెలుసునా?" అని ఆడవాళ్లను అడిగాను.

"మా అమ్మకు వస్తుండె. నాకు సినిమా పాటలే వచ్చేది" అంది ఒకామె. రెండో ఆమె తల అడ్డంగా ఊపింది.

"అక్కా, వియ్యపురాలు ఏమనింది?"

అక్క నోరు తెరిచింది. ఊపిరి వచ్చింది, కొంచెం శబ్దం వచ్చింది, మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. నా వేలు మీటల మీదే ఉంది, ఏది నొక్కాలో తెలియలేదు. మూడోసారి ఆమెకు కన్నీళ్లు రావడంతో అడగడం మానేశాను.

ఆ పొద్దు ఇరవయ్యో చరణం చెప్పలేక అక్కడ ఉన్నవాళ్లం: డిస్కు చేతిలో పట్టుకుని మా తమ్ముని కోడలు, సంఘం కార్యదర్శి, ఆయన భార్య, సుండలు తెచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, మా అక్క, నేను.