తలనొప్పికి రంగూన్ సూది

మా మేనమామ రంగూన్‌లో బియ్యం మూటలు మోసి, ఓడలో బారువ రేవుకి తిరిగొచ్చాడు. అక్కడ నడుం పట్టేస్తే ఒక చీనా వైద్యుడు సూదులు గుచ్చి లేపి నిలబెట్టాడట. గుచ్చించుకున్నవాడికి గుచ్చడం రాదా అని ఆయన ధీమా. క్షవరం చేయించుకున్నవాడల్లా కత్తి పట్టేస్తాడా అని నా మంట. ఆ సూదుల వైద్యాన్ని ఆక్యుపంక్చర్ అంటారని నాకు ముసలితనంలో తెలిసింది. ఆ రోజు మాత్రం తలనొప్పితో అరుగు మీద పడి ఉన్నాను, పారిపోయే ఓపిక లేదు.

మామ నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నటి సూది దించాడు.

"తల నొప్పెడితే సెయ్యి గుచ్చుతావేటి మావా!" అని అరిచాను.

"ఒంట్లో పేణం కాలవల్లో నీరులాగ పారతాదని సీనావోళ్ల నమ్మకంరా. ఒకకాడ పూడిపోతే ఇంకోకాడ నొప్పి. మీ మడికి నీరు రాకపోతే మడిలో తవ్వుతారేటి? ఎగువకెళ్లి పూడిక తీయరూ?" అన్నాడు మామ.

ఏటా నీటి వంతు కోసం కాలువ గట్టున కర్ర పట్టుకుని కాపలా కాసే మా నాన్నకి ఇది వెంటనే అర్థమైంది. అక్కడే చిక్కొచ్చింది.

"వంతు అడక్కుండా గండి కొట్టీసినావు. దిగువోడు ఊరుకుంటాడేటి బావా?" అన్నాడు.

సాయంత్రానికి నా తలనొప్పి పోయింది. మామ వీధి వీధంతా చెప్పుకున్నాడు. మర్నాడు పొద్దున్నే నాకు మోకాలు పట్టేసింది. నాన్న ఆ కాపలా కర్రే పట్టుకుని మామ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"మోకాలి నీరు తలకి మళ్లించీసినావు. మా వంతు మాకొదిలీ!"