పళ్ళు కొరికే పిల్ల

మొన్న ఆదివారం మధ్యాహ్నం బీదర్‌లో మా అమ్మాయి ఇంట్లో అన్నం తిని కూర్చున్నామో లేదో, పక్క గదిలో నిద్రపోతున్న మనవరాలి నోట్లోంచి కరకరమని చప్పుడు వచ్చింది, నా చేతిలోని నీళ్ళ గ్లాసు జారి కింద పడింది. మా అమ్మాయి మాత్రం తాపీగా, పళ్ళ డాక్టరుకు చూపించామనీ, ఈ వయసు పిల్లలు చాలామంది నిద్రలో ఇట్లాగే కొరుకుతారనీ, పెద్దవుతుంటే చాలావరకు దానంతటదే పోతుందనీ, బడిలో ఏమైనా భయముందేమో మెల్లగా కనుక్కోమన్నాడనీ చెప్పి, పిల్ల మీద దుప్పటి సర్ది వచ్చింది. అంతే! ఒక్క దెబ్బ లేదు, ఒక్క తిట్టు లేదు. ఆ చప్పుడుకు మా కాలంలో ఏం జరిగేదో నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

మాది హళ్ళిఖేడ్ దగ్గర చెరకు పొలాల మధ్య చిన్న ఊరు. బడిలో కన్నడం, బజారులో ఉర్దూ, ఇంట్లో తెలుగు. మా నాయన బెల్లం వండేచోట గానుగకు చెరకు అందించే పని చేసేవాడు. నేను మూడో తరగతిలో ఉండగా ఒకనాడు గానుగ చెరకుతోపాటు ఆయన కుడిచేతిని కూడా లాక్కుంది. ఇంజను ఆపేలోపల మణికట్టు దాకా నలిగిపోయింది, రసం పారే కాలువలో నెత్తురు పారిందనీ, ఆ పూట రసమంతా పారబోశారనీ చూసినవాళ్ళు చెప్పారు. ఆయనను జీపులో వేసి బీదర్ దవాఖానకు తీసుకుపోయారు, ఆయన టైరు చెప్పులు మాత్రం ఎవరో ఇంటికి తెచ్చి ఇచ్చారు.

ఆ దుఃఖంలో మా నాయనమ్మకు తప్పు మోపడానికి ఒక మనిషి కావలసి వచ్చింది, నేను దొరికాను. అంతకుముందు నుంచే నాకు నిద్రలో పళ్ళు కొరికే అలవాటుంది. అట్లా కొరికే పిల్ల ఇంటి మగవాణ్ణి తినేస్తుందని మా ఇంటి ముసలమ్మలకు గట్టి నమ్మకం. ఎవరికి గండమో వాళ్ళ ఎడమకాలి చెప్పుతో, కొరుకుతుండగానే, ఆ పిల్ల మూతి మీద కొట్టడం దానికి విరుగుడు. "నా కొడుకు చెయ్యి తిన్నది సాలదానే, ఇంక పానం గూడ తింటవా పోరీ?" అంటూ నాయనమ్మ బాదేది. నిద్రపోతున్న పసిపిల్లనండీ! పెదవులు చిట్లేవి, నోటినిండా మట్టి, నెత్తురు. మా అమ్మ ఏడుస్తూనే నేను గింజుకోకుండా నా కాళ్ళు పట్టుకునేది. నాయనమ్మ మీద కోపం ఎప్పుడో పోయింది గానీ, నా కాళ్ళు పట్టుకున్న ఆ చేతులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

దెబ్బలనైనా ఓర్చుకున్నాను, కానీ ఆ మాటను నేను నమ్మాను. నేను నిద్రపోతే దవాఖానలో మా నాయన చచ్చిపోతాడు, ఇంతే నాకు తెలిసింది. అమ్మ పాత చీర పేలికతో దవడలు బిగించి తలమీద ముడి వేసుకునేదాన్ని, ఉల్లిగడ్డ పగలగొట్టి కళ్ళకు రుద్దుకునేదాన్ని. అట్లా ఆపుకున్న నిద్ర పగలు బడిలో ముంచుకొచ్చేది, మేష్టారు వేళ్ళ కణుపుల మీద బెత్తంతో కొట్టి లేపేవాడు, చర్మం లేచిపోయేది. నేను ఏడ్చేదాన్ని కాదు, మంచిదే అయింది, సమయానికి లేపాడనుకునేదాన్ని. ఎంత పిచ్చిదాన్నో!

చివరికి ఒక సెలవునాడు, మధ్యాహ్నం బస్సులో నాయన వచ్చాడు, కుడిచెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయి, కట్టుతో. బతికి ఉన్నాడు! ఆయనను చూసిన నిమ్మళానికి, ఆయన అన్నం తింటుండగానే పక్కన చాపమీద ఒరిగి నిద్రపోయాను, పళ్ళు కొరికాను కాబోలు, నాయనమ్మ ఎప్పటిలాగే చెప్పు ఎత్తింది. మూతి మీద దెబ్బపడి లేచేసరికి నాయన కంచం ఎగిరి గోడకు తగిలింది.

కన్నతల్లి మీద చెయ్యెత్తలేని మనిషి ఏం చేస్తాడు? ఆమె చేతిలోని చెప్పు గుంజుకుని తన మూతి మీదే కొట్టుకున్నాడు. "సూడే అమ్మా, గిట్లనేనా కొట్టుడు? నీ కొడుకును కొడుతున్న, మంచిగ సూడు!" అని అరుస్తూ, పెదవి పగిలి, కట్టులోంచి నెత్తురు ఊరుతున్నా ఆగలేదు. నాయనమ్మ ఆయన కాళ్ళమీద పడి మొత్తుకుంది, అమ్మ గోడకు తల బాదుకుంది, నేను మాత్రం చేతులతో నోరు మూసుకుని మూలకు నక్కాను.

అప్పుడాయన చెప్పు వాకిట్లోకి విసిరేసి, నన్ను ఒళ్ళోకి లాక్కుని, మిగిలిన ఎడమచేతి వేలు నా పళ్ళ మధ్య పెట్టాడు. "కొరుకు బిడ్డా, నాకేమైతదో సూద్దాం" అన్నాడు. నేను కొరుకుతానా? ఆ వేలికి పళ్ళు తగలనీయకుండా నోరు తెరుచుకునే ఏడ్చి ఏడ్చి, ఎప్పుడో నిద్రలోకి జారిపోయాను. నిద్రలో కసిగా కొరికానట, నెత్తురు కారిందట, ఆయన వేలు తీయలేదట. సాయంత్రం కళ్ళు తెరిచేసరికి ఆ వేలు వాచి నల్లబడి ఉంది, ఆయన చిట్లిన పెదవులతో నవ్వుతున్నాడు. "సూడు, సచ్చిన్నా నేను?" అన్నాడు.

ఆ తర్వాత మా ఇంట్లో నామీద చెయ్యి పడలేదు. పళ్ళు కొరకడం ఎప్పుడు మానానో నాకే తెలియదు. నాయన ఒంటిచేత్తోనే నన్ను చదివించాడు, నేను భాల్కిలో సైన్సు టీచరునై, తరగతిలో కునికే పిల్లలను ఎన్నడూ కొట్టి లేపకుండా రిటైరయ్యాను. కాలం మారింది, నిజమే. ఆ మాట అనే ముసలమ్మలంతా పోయారు. ఇప్పుడా వయసులో ఉన్నది నేనే, నేను అననుగాక అనను. అయినా లోపల ఎక్కడో ఆ మూడో తరగతి పిల్ల ఇంకా దవడలు కట్టుకుని కూర్చునే ఉంది. ఎనభై దాటాక నాయన నిద్రలోనే పోయాడని తమ్ముడు ఫోను చేసినప్పుడు, ఏడుపు రాకముందే నేను మా ఆయన భుజం పట్టి కుదిపి అడిగిన మొదటి మాట ఇది: "రాత్రి నేను పండ్లు కొరికిన్నా?"