నిమ్మరసంలో స్పాంజి

నేను కోపిష్ఠిదాన్నని మా ఇంట్లో పేరు. నిజానికి నాకు ముందు భయం వేస్తుంది. అది గొంతులోకి వచ్చేసరికి కోపంలా వినిపిస్తుంది. ఆ రోజు విశాఖపట్నం నుంచి నర్సీపట్నం బస్సులో కూర్చున్నప్పుడు ఏది ఎంత పాళ్ళలో ఉందో నాకే తెలియలేదు.

నర్సీపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. మిగిలిన టైములో సముద్రపు రాళ్ళకు అంటుకుని బతికే స్పాంజి అనే జీవుల కులగోత్రాలు వెతుకుతాను. కొండల పక్కన కూర్చుని సముద్రం గొడవ నీకెందుకని స్టాఫ్‌రూమ్‌లో నవ్వుతారు. నవ్వనీ. నక్కపల్లి వైపు తీరంలో ఒక రాతి అడుగున నాకు దొరికిన స్పాంజి లాంటిది ఇంతవరకూ ఎవరికీ దొరకలేదని నా నమ్మకం. గోరంత ఉంటుంది, తెల్లటి సన్న గొట్టాల గుత్తి. ఇంకోటి దొరుకుతుందేమోనని మళ్ళీ వెళితే ఆ రాయి ఇసుకలో కూరుకుపోయింది. నా దగ్గరున్నది ఆ ఒక్కటే.

పిల్లకైతే చర్చిలో నలుగురి మధ్య పేరు పెట్టేస్తే సరిపోతుంది. కొత్త జీవికి అలా కుదరదు. పేరుతో పాటు ఆ జీవినీ మ్యూజియంలో భద్రం చెయ్యాలి. రేపు ఏ దేశం వాడికైనా అనుమానం వస్తే తీసి చూసుకోగలగాలి. పోనీ చూద్దామంటే స్పాంజికి కన్నూ ముక్కూ ఉండవు. రంగు కూడా సీసాలోకి రాగానే వెలిసిపోతుంది. దాన్ని పట్టిచ్చేవి ఒంట్లో ఉండే కంటకాలు, అంటే మైక్రోస్కోపులో తప్ప కనబడని సన్నటి ముళ్ళు. నా స్పాంజివి సున్నపు ముళ్ళు, ఒక్కోదానికి మూడు కొమ్మలు. వాటి ఆకారం ఒక ఎత్తైతే, ఒంట్లో అవి అమరిన తీరు ఇంకో ఎత్తు.

చిన్న తునకలో కండ కరిగించి విడి ముళ్ళతో చేసిన స్లైడ్లు ఆ పొద్దున విశాఖపట్నంలో మా పీహెచ్‌డీ గైడ్‌గారికి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "కొత్తదేనమ్మా అనిపిస్తోంది. కానీ అమరిక చూడకుండా ఏమీ అనలేం. వచ్చే వారం స్పాంజిని పట్టుకురా, పలచగా కోసి చూద్దాం. అది కుదిరితే పేరు పెట్టేది నువ్వే" అన్నారు. పేరు అప్పటికే అనుకుని ఉన్నాను. అచ్చయ్యేదాకా బయటికి చెప్పకూడదు కాబట్టి అమ్మకు కూడా చెప్పలేదు. నేల మీద కాలు ఆనకుండా వచ్చి బస్సెక్కాను.

అనకాపల్లి దాటాక అమ్మ ఫోన్ చేసింది.

"ఒసే, నీ సీసాలోది సారా వాసనొత్తందే. సాయంత్రం మనింట్లో ప్రార్థన కూడిక కదా, పాస్టరుగారొత్తారు. బీరువా తీత్తే ఇల్లంతా గుప్పుమంటంది. అందుకే పారబోసేసేను."

"మరి అది? లోపలున్నది?"

"భయపడకు. నిమ్మకాయలు పిండి, ఉప్పేసి, అందులో పెట్టేను. మా అమ్మ పెట్టిన నిమ్మకాయ ఊరగాయ మూడేళ్ళు సెక్కు సెదర్లేదు."

"అయ్యో అమ్మా!" అని నేను అరిచిన అరుపుకి డ్రైవరు వెనక్కి తిరిగాడు. అంతలో ఫోన్ కట్ అయింది.

మాది తాతల నాటి మిషన్ చర్చి కుటుంబం. ఇంట్లో మందు చుక్క పడదు. దగ్గు మందు కూడా అమ్మ వాసన చూసి కొంటుంది. కాలేజీ ల్యాబు బీరువాకి తాళం లేదని స్పాంజిని ఆల్కహాల్ సీసాతో సహా ఇంటికి తెచ్చి, "ఇది పాడైతే నా చదువంతా పోయినట్టేనమ్మా" అని అమ్మకు అప్పజెప్పాను. ఆవిడ కాపాడింది, తనకు తెలిసిన పద్ధతిలో. కోడిగుడ్డును నిమ్మరసంలో వేస్తే పెంకు ఎలా కరిగిపోతుందో నేను ఏటా క్లాసులో చేసి చూపిస్తాను. నా స్పాంజి ముళ్ళలో ఉన్నదీ ఆ సున్నమే.

మళ్ళీ ఫోన్ చేశాను. స్విచాఫ్. నాన్నదీ స్విచాఫ్. కూడిక మొదలైతే మా ఇంట్లో ఫోన్లు ఆపేస్తారు. పక్కింటివాళ్ళూ అక్కడే ఉంటారు. తాళ్ళపాలెం జంక్షన్లో డ్రైవరు టీకి దిగాడు. ఆ గ్లాసు లాక్కుని పారబోయాలనిపించింది. పక్క సీట్లో చీపురుకట్టల మూటతో కూర్చున్న ఏజెన్సీ ఆవిడ నా మొహం చూసి, "ఏటమ్మా, ఇంటికాడ ఎవులికైనా బాగోలేదేటి?" అంది.

"అవునమ్మా" అన్నాను.

"బస్సు బేగెల్లిపోద్దిలే" అని నా చెయ్యి నిమిరింది. నాకు ఏడుపొచ్చింది.

దారంతా బేరాలాడుకుంటూనే ఉన్నాను. రసం కొంచెమే పిండి ఉంటుంది, ఉప్పే ఎక్కువేసి ఉంటుంది. పైపైవి కరిగినా లోపలివి మిగులుతాయి. ఇంట్లో కూడిక అంటే ఏదో సాకు చెప్పి తప్పించుకునేదాన్ని, ఆ బస్సులో కళ్ళు మూసుకుని, "తండ్రీ, ఆ కాయలు ఎండిపోయినవి అయ్యుండాలి" అని ప్రార్థన చేశాను. అమ్మను ఏమనాలో కూడా వరసగా సిద్ధం చేసుకున్నాను. అందులో ఒక్కటీ మంచి మాట కాదు.

ఆటో దిగేసరికి ఇంటిముందు చెప్పులు లేవు. కూడిక అయిపోయింది. అమ్మ గుమ్మంలోకి ఎదురొచ్చింది.

"ఫోన్లో నువ్వలా అరిసేవు కదా, రసం సాల్లేదేమో అని మరో రెండు కాయలు పిండేను. పాస్టరుగారికీ సెప్పేను. ఆ సిన్న జీవి కుళ్ళిపోకుండా అందరం మోకాళ్ళేసి ప్రార్థన సేసేం."

సీసా అందుకుని నా గదిలోకి వెళ్ళాను. స్పాంజి చెక్కుచెదరకుండా ఉంది, అంచులు కూడా విరగలేదు. పట్టకారుతో ఎత్తితే తడిగుడ్డ పేలికలా వేలాడింది. చివర చిన్న తునక కోసి, సెకండ్‌హాండ్‌లో కొనుక్కున్న నా మైక్రోస్కోపు కింద పెట్టాను. ఫోకస్ సరిచేసి ఒక అంచు నుంచి రెండో అంచుదాకా వెతికాను. మధ్యలో ఇంకో తునక కోశాను. మెత్తటి కండ ఉంది. ముల్లు ఒక్కటీ లేదు.

అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. పైట కొంగు రెండు చేతుల్లో నలిపేస్తోంది. మా ఇంట్లో నా చదువు గురించి నాకన్నా ఎక్కువ భయపడింది ఆవిడేనని అప్పుడు చూశాను.

"కుళ్ళలేదు కదే?" అంది.

"లేదమ్మా. కుళ్ళలేదు."

"దేవునికి స్తోత్రం" అని ఊపిరి వదిలింది. నేను మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. ముందుగదిలో అమ్మ ఫోన్లో మాట్లాడుతున్న మాటలు వినబడుతున్నాయి.

"పాస్టరుగారండీ, మన ప్రార్థన ఆలకించేడండీ. ఏటీ పాడవ్వలేదంట. మా అమ్మాయే సూసి సెప్పింది."