బందరబ్బాయి ఫైలూ, నా కడుపుమంటా

ఆ రోజుల్లో కంప్యూటరంటే ఏసీ గదిలో బీరువాలా నిలబడే వస్తువు. దాని దగ్గరికి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు జేబులో వేసుకు తిరిగేవాళ్ళకి చెబితే నవ్వుతారు గానీ, డెబ్బైల చివర్లో దాని మూలంగా నేనొక మనిషి మీద ఎంత కుళ్ళుకున్నానో తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. నేను పనిచేసింది ఆటోనగర్‌లో ఒక లారీ విడిభాగాల కంపెనీలో. నేను పటమట నుంచి సైకిలు మీద వెళ్ళేవాణ్ణి, బీఎస్సీ ఫస్టు క్లాసు (ఈ ముక్క అడగనివాళ్ళకి కూడా చెప్పేవాణ్ణి). నాతోపాటే ఆ కంప్యూటరు పనిలో చేరాడు బందరబ్బాయి. వాళ్ళది చేపల వ్యాపారం. మూడు నెలలు తిరక్కుండానే మిషను వాడు చెప్పినట్టల్లా వినేది, నేను చెబితే మొరాయించేది. హైదరాబాదు ట్రైనింగుకి మీలో ఒక్కణ్ణే పంపిస్తానని మేనేజరుగారు అన్న రోజు నుంచీ నాకు అన్నం సహించలేదు. వాడు మాత్రం రోజూ క్యారేజీ విప్పి చేపల పులుసు నాకే ముందు వడ్డించేవాడు. తినేవాణ్ణి. తింటూనే లోపల్లోపల ఏడ్చేవాణ్ణి.

మేనేజరుగారి దృష్టిలో కాయితం మీద కనబడనిది పనే కాదు. అందుకని ప్రతి శనివారం ఆ వారం చేసినదంతా ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెట్టాలి. నేను విడిభాగాల జాబితాలు దొంతరలుగా పెట్టేవాణ్ణి. బందరబ్బాయి నెల్లాళ్ళుగా ఒక్క కాయితమూ పెట్టలేదు, ప్రోగ్రాం ఇంకా అవుతోందనేవాడు. ఒక శనివారం వాడు టీకి వెళ్ళగానే మిషనులో వాడి పేరుతో ఉన్న ఫైలు చూసి, వాడి బండారం బయటపెడదామని ప్రింటు కొట్టమన్నాను. అమ్మబాబోయ్! అరలైను పిచ్చిగీతలు కొట్టి, పేజీలకు పేజీలు ఖాళీగా విసిరేసి, మళ్ళీ గీతలు కొట్టి, అరపెట్టె కాయితం నేలపాలు చేశాక ఆ ప్రింటరు టక్కున ఆగిపోయింది. నాకు ఒళ్ళంతా పులకరించిపోయింది. ఆ కుప్పంతా ఎత్తుకెళ్ళి మేనేజరుగారి ముందు పడేసి, నెల్లాళ్ళ పని ఇదేనటండీ అన్నాను.

ఆయన బందరబ్బాయిని పిలిపించారు. వాడు కాయితాలు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఇది మనం చదివే ఫైలు కాదండీ, మిషను చదువుకునేది. అక్షరాల ఫైలనుకుని తెరవమంటే అది అలాగే తెరుస్తుందండీ. లోపలున్న ప్రతి అంకెనీ అక్షరమనుకుంటుంది. పేజీ మార్చమనే గుర్తులాంటిది తగిలితే కాయితం తోసేస్తుంది, ఫైలు అయిపోయిందనే గుర్తులాంటిది తగిలితే మధ్యలోనే ఆగిపోతుంది."

తర్వాత అదే ఫైలుని ప్రోగ్రాంగా నడిపి, ఒక విడిభాగం నంబరు కొట్టాడు. అది గోడౌన్లో ఏ వరసలో, ఏ అరలో ఉందో క్షణంలో తెర మీద పడింది. మేనేజరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నేనూ ఆ సందట్లో బయటికి జారుకుందామనుకున్నాను గానీ, ఇంతకీ మద్రాసు నుంచి తెప్పించిన కాయితం ఇలా తగలేసిందెవరని ఆయన అడిగేశారు. నా ఉద్యోగం ఆ ప్రశ్న మీద వేలాడుతోంది.

"నేనే కొట్టి చూడమన్నానండీ," అన్నాడు బందరబ్బాయి.

వాడే హైదరాబాదు వెళ్ళాడు. స్టేషనుకి వెళ్ళి సాగనంపాను (నిజం చెప్పొద్దూ, వెళ్ళాడో లేదో కళ్ళారా చూడాలని కూడా). బండి కదలబోతుంటే ఉండబట్టలేక, ఆ రోజు కావాలనే చేశానండీ అనేశాను. "తెలుసండీ, రోజూ పులుసు తినేటప్పుడు మీ మొహం చూస్తున్నాగా," అని నవ్వి, కిటికీలోంచి ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టాడు. అందులో ఏ ఫైలుని ఎలా తెరవాలో మొదటి పేజీ నుంచీ నాకోసం విడమరిచి రాశాడు. ఆ పుస్తకంతోనే నేను పని నేర్చుకున్నాను, రిటైరయ్యేదాకా ఆ పనితోనే బతికాను.

ఇప్పటికీ అప్పుడప్పుడూ తెరిచి చూస్తుంటాను. మనిషి నాకంటే తెలివైనవాడు, నాకంటే మంచివాడు, సరే ఒప్పుకున్నాను. చేతిరాత కూడా నాకంటే బాగుండాలా, చెప్పండి?