ఎబినేజరు అనని ఆమేన్

ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో ముప్పయ్యేళ్ళకు పైగా ఫిట్టరుగా చేసి రిటైరైన ఎబినేజరుకి ఒక అలవాటు ఉంది. పని చేసేటప్పుడు చిన్న చిన్న నట్లూ స్క్రూలూ పెదాల మధ్య బిగించుకుంటాడు. రెండు చేతులూ పానాల మీదుంటే మూడో చెయ్యి ఎవరిస్తారు? ఆయనకి నోరే మూడో చెయ్యి. ఇన్నేళ్ళలో లోహాల రుచులు కూడా పట్టుబడిపోయాయి. ఇనుము ఒకలా ఉంటుంది, ఇత్తడి ఇంకొకలా ఉంటుంది, కళ్ళు మూసుకుని చెప్పేయగలడు. కూరలో ఉప్పు పడలేదన్న సంగతి మాత్రం దోర్కమ్మ చెబితేగానీ తెలియదు.

దోర్కమ్మ ఆయన భార్య. ఆవిడకీ ఒక అలవాటు ఉంది. ప్రార్థన చెయ్యకుండా ఆ ఇంట్లో ఎవరి నోట్లోకీ ఏదీ పోనివ్వదు. అన్నానికి సరే, టీకీ ప్రార్థనే, షుగరు బిళ్ళకీ ప్రార్థనే. చివర్న ఎదుటివాళ్ళు వినబడేలా ఆమేన్ అనాలి. అనకపోతే గ్లాసు వచ్చిన దారినే వంటింట్లోకి వెళ్ళిపోతుంది. పెళ్ళైన కొత్తలో ఎబినేజరు రెండుసార్లు పంతానికి పోయి రెండుసార్లూ టీ లేకుండా డ్యూటీకి వెళ్ళాడు. ఆ తర్వాత నిద్రలో కదిపినా ఆమేన్ అనేంతగా తయారయ్యాడు.

ఈ రెండు అలవాట్లూ ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు కాపరం చేసి ఎప్పుడూ ఒకదానికొకటి ఎదురుపడలేదు. డిసెంబరు మొదట్లో ఒక శనివారం మధ్యాహ్నం, ఖరగ్‌పూర్‌లోనే ఝపటాపూర్ పేటలో వాళ్ళింటి ముందు, ఆమోసుగారి పాత మారుతి కారు బానెట్ దగ్గర ఎదురుపడ్డాయి.

ఆమోసు దోర్కమ్మకి పెద్దనాన్న కొడుకు, ఎబినేజరుకి బావ. గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యాడు, అదే ఊళ్ళో సుభాష్‌పల్లిలో ఉంటాడు. మర్నాడు బాలసోర్ వెళ్ళి కోడలిని పుట్టింటి నుంచి తెచ్చుకోవాలి. కారేమో రెండు రోజులుగా దగ్గుతోంది. బండి అప్పగించి, తాళం బావ చేతిలో పెట్టి, గోల్‌బజార్‌కి చేపలకి వెళ్ళాడు.

ఎబినేజరు మూడు స్పార్కు ప్లగ్గులూ విప్పాడు. ఒకదాని తల మీదుండే ఇత్తడి టోపీ వదులైపోయింది. పెసరగింజకి కాస్త పెద్దగా ఉంటుందంతే. దాన్ని తీసి పెదాల మధ్య పెట్టుకుని, ఇంజను మీదికి వంగి ప్లగ్గు దిగే కన్నం చుట్టూ మసి తుడుస్తున్నాడు. వెనక నుంచి టీ వాసన వచ్చింది. దాని వెంటే ప్రార్థన కూడా వచ్చింది.

"...యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ."

"ఆమేన్," అన్నాడు ఎబినేజరు.

లోపల ఎక్కడో టింగుమని చిన్న చప్పుడైంది.

దోర్కమ్మ గ్లాసు కారు మడ్‌గార్డు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం అలా వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నాలుకతో పెదాలు తడుముకున్నాడు. ఇత్తడి రుచి ఇంకా ఉంది. ఇత్తడే లేదు.

ఇంజన్లో టోపీ పడితే తియ్యొచ్చు, లోకం మునిగిపోదు. కానీ ఎబినేజరు నెత్తి మీద ఒక ఒట్టు ఉంది. మొన్న వానాకాలంలో పానా జారి చూపుడువేలికి కుట్లు పడ్డాయి. "ఇంక సాలండీ, ఈ వయసులో ఏటీ పని," అని దోర్కమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రోషమొచ్చి ఆయన, "నా సేతిలోంచి ఒక్క ముక్క ఇంజన్లోకి జారిపడిన రోజున పనిముట్ల పెట్టెకి తాళమేసి నీ సేతికిచ్చెస్తాను," అనేశాడు. అక్కడే కూర్చుని బజ్జీలు తింటున్న ఆమోసు సాక్షి. గార్డు ఉద్యోగం చేసిన మనిషి, ఒకసారి ఎర్రజెండా ఎత్తితే దించడు. పనిముట్ల పెట్టె పోతే వీధిలో 'ఫిట్టరుగారూ' అనే పిలుపు పోతుంది. ఆ పిలుపు పోతే ఎబినేజరు దగ్గర మిగిలేది నడుంనొప్పి, షుగరు.

కాబట్టి ఆమోసు తిరిగొచ్చేలోగా, దోర్కమ్మ కంటపడకుండా, అది బయటికి రావాలి.

అయస్కాంతం వైపు కూడా చూడలేదాయన. ఇత్తడిని అది లాగదని ఆయన నాలుకకే తెలుసు. ముందు కారు కిందికి దూరాడు. దూరడం తేలికే, లేవడమే ఒక జన్మంత పని. ఇంజన్ని తిప్పే పుల్లీకి పానా తగిలించి కాస్త తిప్పడం, పైకి లేవడం, కన్నంలో చీపురుపుల్ల పెట్టి పిస్టను ఎంత పైకొచ్చిందో చూడడం, మళ్ళీ కిందికి దూరడం. నాలుగోసారి లేచేసరికి మోకాళ్ళు రెండూ రెండు రకాలుగా మూలిగాయి. పిస్టను పైకొచ్చింది. టార్చి వేస్తే, దాని నెత్తి మీద టోపీ హాయిగా పడుకుని మెరుస్తోంది.

చీపురుపుల్లకి గ్రీజు రాసి అంటించబోయాడు. అంటుకున్నట్టే అంటుకుని కన్నం అంచుదాకా వచ్చి జారిపోయింది. మళ్ళీ అలాగే జారింది. మూడోసారి పుల్ల విరిగింది, ఆ ముక్క లోపల పడకుండా పట్టుకునేసరికి ప్రాణం కడబట్టింది.

ఎబినేజరు బంపరు మీద కూలబడి చల్లారిన టీ తాగాడు. డిసెంబరు అయినా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. పెట్టె మూసేస్తే ఏమవుతుంది? మధ్యాహ్నం పూట మంచం మీద ఫ్యాను కింద... ఆ ఆలోచన ఎంత చల్లగా ఉందంటే, ఆయనకి భయం వేసి లేచి నిలబడ్డాడు.

పెట్టె అడుగున, పెట్రోలు లాగే సన్నటి రబ్బరు గొట్టం కనబడింది. నోరు పోగొట్టింది, నోరే తేవాలి. గొట్టం కొసకి గ్రీజు రాసి, లోపలికి దించి, టోపీ మీద ఆనించి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. పెట్రోలు వాసన నెత్తికెక్కింది. గొట్టం బరువుగా తగిలింది. పట్టుకుంది! ఊపిరి బిగబట్టి, వెంట్రుక వెంట్రుకంత పైకి తీస్తున్నాడు.

"ఏటి బావా, బండి బాగైందా?"

ఆమోసు వచ్చేశాడు, చేతిలో చేపల సంచీతో.

ఎబినేజరు గొట్టాన్ని పళ్ళతో ఇంకాస్త బిగించాడు.

"నిన్నే. పలకవేటి? ప్రమోషనొచ్చిందా?" ఆమోసు దగ్గరికొచ్చాడు. "ఏటా గొట్టం? ఇంజనుకి ఊపిరి పోస్తన్నావేటి? ఓ దోర్కా, టీ అట్రా! మీ ఆయన మారుతీకి డాక్టరైపోనాడు!"

ఎబినేజరు కనుగుడ్లు బయటికొచ్చాయి. వద్దని చెయ్యి ఊపడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు. దోర్కమ్మ రెండు గ్లాసులతో వచ్చి నిలబడి కళ్ళు మూసుకుంది.

"పరిశుద్ధుడవైన తండ్రీ..."

అన్నయ్య వచ్చాడు కాబట్టి ప్రార్థన ఈసారి పెద్దది. బాలసోర్ రోడ్డుని కాపాడమంది. కోడలి నడుమునొప్పి తగ్గించమంది. బండి టైర్లని, బ్రేకులని విడివిడిగా అప్పగించింది. ఎబినేజరు బుగ్గలు లోతుకుపోయాయి. మెడనరాలు తాళ్ళలా తేలాయి. టోపీ కన్నం మెడ దగ్గరికొచ్చింది.

"...వేడుకొనుచున్నాము తండ్రీ."

"ఆమేన్," అన్నాడు ఆమోసు.

రెండో ఆమేన్ కోసం దోర్కమ్మ ఆగింది. రాలేదు. ఇంకాస్త ఆగింది. పెళ్ళైన కొత్త రోజుల తర్వాత ఇది మొదటిసారి. కళ్ళు తెరిచి మొగుణ్ణి చూసింది, గొట్టాన్ని చూసింది, అందాకా ఎర్రగా ఉండి ఇప్పుడు నీలంగా మారుతున్న ఆ మొహాన్ని చూసింది. గ్లాసులు గబుక్కున కింద పెట్టి మళ్ళీ చేతులు జోడించింది.

"ఈ పూటకి ఈయన ఆమేను కూడా నానే అనెస్తన్నాను తండ్రీ. ఆమేన్. ఏవండీ, ఊపిరి ఒదలకండి!"

గొట్టం కొస బయటికొచ్చింది. దోర్కమ్మ దాని కింద దోసిలి పట్టింది. ఎబినేజరు ఊపిరి వదిలాడు. టోపీ ఆవిడ చేతిలో పడింది. ఆయన బంపరు మీద పడ్డాడు.

"ఇదేటి?" అన్నాడు ఆమోసు. అంతలోనే అతనికి బజ్జీలు గుర్తొచ్చాయి. "ఓర్నాయనో! జారిపోనాదన్నమాట! ఒట్టేసినావు బావా. తే, పెట్టె తాళం తే!"

"సేతిలోంచి జార్లేదు," అన్నాడు ఎబినేజరు రొప్పుతూ.

"మరెందులోంచి?"

"నోట్లోంచి. ఇందాకటి టీకి. ఆమేనన్నాను."

ఆమోసు నవ్వుతూ ఇంటి మెట్ల మీద కూలబడ్డాడు. దోర్కమ్మ నవ్వలేదు. అరచేతిలోని టోపీని కొంగుతో శుభ్రంగా తుడిచింది. ఆవిడ ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న తాళం, చేతికి అందేంత దగ్గరలో ఉంది. కానీ ఆమేన్ అన్నందుకు మనిషికి శిక్ష వెయ్యడం ఆవిడవల్ల అయ్యే పని కాదు.

"తప్పు ఈయనది కాదులే అన్నయ్యా," అంది చివరికి. "సెయ్యి జారినాదని ఎక్కడా అనకు. ఇదిగో, మీరు ఇకనుంచి నట్లు పళ్ళెంలో ఎట్టండి. పళ్ళెం నానిస్తాను."

టోపీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ప్లగ్గు తల మీద పెట్టాడు. టోపీ మరలోకి మొదటి తిప్పుకే ఎక్కింది.

"అయితే ఫిట్టరుగారు గెలిసినట్టే," అన్నాడు ఆమోసు కళ్ళు తుడుచుకుంటూ. "మా మావ స్కూటరు ఆర్నెల్లుగా మూలపడుంది. రేపు బాలసోర్ ఎల్లేముందు ఇక్కడికి తోలించెస్తాను. ఠీక్ హై?"

ఎబినేజరు తెరిచి ఉన్న ఇంటి తలుపులోంచి లోపలికి చూశాడు. మంచం కనబడుతోంది. మంచం మీద ఫ్యాను తిరుగుతోంది. చెయ్యే జారిందని ఒక్కమాట అనేస్తే ఆ మంచం తనకి దక్కేది. ఆ మాట అనే వీలు ఇప్పుడు దోర్కమ్మే పోగొట్టింది.

"ఏటి బావా, పలకవు?"

నోట్లో ఏమీ లేదని నాలుకతో ఒకసారి తడిమి చూసుకుని, ఎబినేజరు నీరసంగా అన్నాడు, "ఆమేన్."