ఇద్దరాడొచ్చా?

ఆ రోజుల్లో ఏ వస్తువైనా కొన్న తర్వాత కన్నా కొనకముందే ఎక్కువ మనదిగా ఉండేది. ఇప్పుడు పడుకుని ఫోను మీద బొటనవేలు ఆనిస్తే చాలు, మర్నాటికి గుమ్మంలో అట్టపెట్టె. మనసు మార్చుకునే తీరిక కూడా సరిగ్గా ఇవ్వరు. నేను మాత్రం ఒక వీడియో గేమ్ కన్సోల్‌ని ఎంచుకోవడానికి ఒక వానాకాలం మొత్తం, దాని వెనకాలే వచ్చిన చలికాలంలో సగం వెచ్చించాను. పెళ్లిచూపులకి కూడా అంత కాలం పెట్టలేదు. (ఈ వాక్యం మా ఆవిడ చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను.)

గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి గోపాలపట్నంలో మేడ మీద గదిలో దిగిన కొత్త. పోర్టులో ఒక కాంట్రాక్టు కంపెనీ, అందులో ఇనప ఖనిజాన్నీ బొగ్గునీ ఓడల్లోకి మోసే కన్వేయర్ బెల్టులు, వాటి కంట్రోల్ రూములో ట్రైనీని. ఖనిజాన్ని అక్కడ ఓర్ అంటారు; పోర్టులో దొరికేది ఓర్, కావలసింది ఓర్పు అని మొదటి వారంలోనే తెలిసింది. నాతోపాటు అదే రోజు చేరినవాడు, అదే గదిలో దిగినవాడు బావ. మాకు బంధుత్వం ఏమీ లేదు. విజయనగరం అవతల పల్లెలో వరి, చెరకు పండించే ఇంటి కుర్రాడు. నన్ను చూసిన మొదటి క్షణంలోనే "ఏటి బావా, నువ్వూ ట్రైనీయేనా?" అన్నాడు. ఈ ఊళ్లో మగాళ్లంతా ఒకరికొకరు బావలేనని తెలియక రెండు రోజులు మొహమాటపడ్డాను. మా అమ్మయితే ఫోనులో, "బావ ఎవర్రా? మనకి ఆడపిల్లలు లేరు కదరా!" అని కంగారుపడింది. తర్వాత వాడు నాకు బావగా స్థిరపడ్డాడు, నేను వాడికి గోదారిగా పారుతూ ఉండిపోయాను.

అంతా బాగానే ఉంది కానీ, బావకి తగరపువలసలో ఒక అక్క ఉంది. ఆమె ప్రతి ఆదివారం ఫోను చేసి, సొంత అక్క ఇల్లుండగా హోటల్ తిండి తింటూ అద్దెగదిలో పడి ఉండడం ఏమిటని తమ్ముణ్ణి పిలిచేది. బావ ఫోను పెట్టేసి గోడకేసి చూస్తూ, "మా అక్క సేపల పులుసు పెడతాది గోదారీ. మెంతులేసి. నువ్వేటి పెడతావ్?" అనేవాడు. నాకు వచ్చినవి ఉప్మా, నిశ్శబ్దం. వీడు వెళ్లిపోతే ఆ గదిలో నేనూ, కిటికీలోంచి వచ్చే పోర్టు దుమ్మూ మిగులుతాం. రోజూ సాయంత్రం మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు వినబడకపోతే ఎలా ఉంటుందో ఊహించుకుంటే, పెద్దవాణ్ణయ్యాను కాబట్టి ఏడుపు రాలేదు కానీ, ఆకలి మాత్రం వేసేది కాదు. చేపల పులుసుకి పోటీగా ఏదో ఒకటి పెట్టాలి. బాగా ఆలోచించి, "బావా, మనిద్దరం కలిసి గేమ్ కన్సోల్ కొందామా?" అన్నాను. వాడు గోడ మీంచి చూపు తిప్పాడు. "టీవీలో ఆడీదా?" అన్నాడు. "అదే." "ఇద్దరాడొచ్చా?"

ఆ ప్రశ్న పట్టుకుని మేం డాబాగార్డెన్స్‌లో ఎక్కని షాపు మెట్టు లేదు. ఒక షాపాయన మాత్రం మమ్మల్ని కూర్చోబెట్టి ఆడనిచ్చేవాడు, ఆదివారం ఆదివారం వెళ్లేసరికి మా ఇద్దరికీ రెండు ప్లాస్టిక్ స్టూళ్లు కూడా కేటాయించాడు. అప్పట్లో రెండు పెట్టెల మధ్య పోటీ. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. నేను ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని వాటి వంశచరిత్రలు చదివి వచ్చి, బొమ్మ ఎంత నున్నగా వస్తుందో, లోపల ఫ్యాను ఎంత గోల చేస్తుందో, ఏ ఆట దేంట్లో దొరకదో చెబుతూ ఉంటే షాపాయన నా వంక గౌరవంగా, బావ వంక జాలిగా చూసేవాడు. బావ అంతా విని, పెట్టెని పుచ్చకాయలా చేత్తో ఎత్తి బరువు చూసి, వేలితో తట్టి చప్పుడు విని, "అదంతా సరే గాని, ఇద్దరాడొచ్చా?" అనేవాడు. "ఆడొచ్చు బాబూ, పోయినారమూ ఆడొచ్చు, ఈయారమూ ఆడొచ్చు" అనేవాడు షాపాయన.

(కన్సోల్ అంటే ఇంగ్లీషులో ఓదార్చడం కూడానట. ఆ షాపాయన్ని ఎవరైనా కన్సోల్ చేసి ఉండాల్సింది.)

అక్కణ్ణించి నడుచుకుంటూ బీచికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఆ నెలలన్నీ కలిపి నాకు ఒకే ఒక సాయంత్రంగా కనిపిస్తాయి. పొడుగ్గా, తడిగా, అంచుల్లో కొంచెం ఉప్పగా. వాన కురిసి వెలిసిన ఇసక, మొక్కజొన్నపొత్తు కాల్చేవాడి కుంపట్లోంచి లేచే నిప్పురవ్వలు, దూరంగా పోర్టులోకి పిలుపు రాక నీళ్ల మీద ఆగిపోయిన ఓడలు. అవి కదిలేవి కావు. మేమూ కదిలేవాళ్లం కాదు. ఇంకా కొనని పెట్టెలో ఇంకా రాని ఆటలు అక్కడ కూర్చుని ఆడేసేవాళ్లం. నేను కారు నడిపితే బావ పక్కసీట్లో కూర్చుని దారి చెప్పేవాడు, బావ గోల్ కొడితే నేను ఇసకలో మోకాళ్ల మీద జారేవాణ్ణి. ఓడల్లో దీపాలు వెలిగేవేళకి బావ, "గోదారీ, తెల్లదైతే మనకాడ దుమ్ముకి నెల్లాళ్లలో నల్లబడిపోద్దేమో" అనేవాడు. "అయితే నల్లదే కొందామా?" అంటే, "మరి నల్లదాని మీద దుమ్ము ఎంతుందో తెలవదు కదా" అనేవాడు. అంతటితో ఆ వారం తీర్పు వాయిదా. నాకు తొందరేమీ లేదు. ఎంచుకుంటున్నంత కాలం బావ తగరపువలస మాట ఎత్తడం లేదు.

చివరికి ఒక ఆదివారం షాపాయనే మా స్టూళ్లు లోపల దాచేసి, "ఇయ్యాల కొంటేనే కూకోడం" అన్నాడు. నల్లది కొన్నాం. దానితో ఒక కంట్రోలర్ వస్తుంది, బావ పట్టుబట్టి రెండోది కూడా తీసుకున్నాడు. గోపాలపట్నం బస్సులో పెట్టె నా ఒళ్లో, రెండో కంట్రోలర్ వాడి ఒళ్లో. కొత్తగా పుట్టిన పిల్లల్ని ఆస్పత్రి నుంచి తెచ్చుకుంటున్నవాళ్లలా కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టాం. ఇంటికొచ్చి చూస్తే, ఇంటావిడ మాకు వాడుకోమని ఇచ్చిన ముసలి టీవీకి ఈ పెట్టె వైరు పట్టే కన్నమే లేదు. అన్ని నెలలు వీధులన్నీ తిరిగి ప్రపంచంలో ఉన్న ప్రతి వివరమూ కనుక్కున్నాం కానీ, ఎవరమూ టీవీ వెనక్కి వెళ్లి చూడలేదు. "పోనీలే, రేపు డ్యూటీ దిగినాక ఇద్దరం ఎల్లి దానికేటి కావాలో తెద్దాం" అన్నాడు బావ.

మర్నాడు ఉదయం షిఫ్ట్ ఇన్‌చార్జి సారు మమ్మల్ని పిలిచి ట్రైనింగ్ అయిపోయిందని చెప్పి, చేతులు కలిపి, ఒక కుర్చీ చూపించాడు. ఒకటే కుర్చీ. పగలు పన్నెండు గంటలు నేను, రాత్రి పన్నెండు గంటలు బావ, రెండు వారాలకోసారి తారుమారు. బెల్టు నడుస్తున్నంతసేపూ ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదు, తర్వాతి డ్యూటీవాడు, అంటే రిలీవర్, వచ్చి పక్కన నిలబడందే ఉన్నవాడు లేవకూడదు. పోర్టులో అది దాటరాని గీత. వారపు సెలవు కూడా మా ఇద్దరికీ ఒకే రోజున రాదు. ట్రైనింగ్ అయ్యాక షిఫ్టులేనని చేరిన రోజునే చెప్పారు. కానీ మా ఊహల్లో ఆ షిఫ్టులు కూడా మా ఇద్దరివీ ఒకేసారి వచ్చేవి. బావ మెల్లగా నా చెవి దగ్గర, "ఒక్కడు ఆడొచ్చా?" అన్నాడు.

ఆడొచ్చు. వైరుకి కావలసిన పిన్నేదో నా సెలవు రోజున తెచ్చి బిగించాను, ఫుట్‌బాల్ ఆటలో ఇద్దరికీ కలిపి ఒకే జట్టు తీసుకున్నాను. ఒక మ్యాచ్ నేను ఆడి డ్యూటీకి వెళతాను, వాడొచ్చి తర్వాతి మ్యాచ్ ఆడతాడు. రెండో కంట్రోలర్ కవరు విప్పకుండా టీవీ మీద కూర్చుంది. ఆట సంగతులు చెప్పుకోవడానికి మాకు దొరికేది కుర్చీ మారే ఆ కాస్త సమయమే. అక్కడ ముందు బెల్టు సంగతులు చెప్పాలి, వెంటనే ఇంటి సంగతులు కలిసిపోయేవి. ఒకరోజు బావ గబగబా, "రెండో బెల్టు కాడ కొద్దిగా సప్పుడొత్తంది, ఓడ సగం నిండింది, ఎడమేపోడికి కాలిరిగింది, రెండు మూడు మ్యాచులు రాడు" అన్నాడు. వెనకాల సారున్నాడని మేం చూడలేదు.

"కాలు విరిగిందా? ఎవరికయ్యా? నాకు చెప్పరేం!" అని సారు సేఫ్టీ వాళ్లకి ఫోను ఎత్తేశాడు. అంబులెన్సు బయల్దేరే లోపు బావ చేతులు జోడించి, కాలిరిగింది టీవీలో ఆటగాడికని చెప్పాల్సి వచ్చింది. సారు ఫోను పెట్టేసి చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మా ఉద్యోగాలు రెండూ ఆ అద్దాల మీదే ఉన్నట్టు మేం వాటినే చూస్తున్నాం. కళ్లద్దాలు పెట్టుకుని, "లీగ్‌లో ఎన్నో ప్లేసు?" అన్నాడు. "మూడు సార్." "వాడు తరచూ పడుతున్నాడా?" "పడతన్నాడు సార్." "అమ్మేయండి" అని వెళ్లిపోయాడు.

నేను భయపడ్డ ఆదివారం రానే వచ్చింది. ఆ రోజు నాకు వారపు సెలవు; బజారుకెళ్లి గదికి వచ్చేసరికి బావ డ్యూటీకి బయల్దేరడానికి చొక్కా వేసుకుంటూ ఫోను స్పీకర్‌లో పెట్టాడు. అక్క గట్టిగానే అంటోంది: "ఒక్క గదిలో ఉండీ మొకాలు సూసుకోరు. నువ్వొచ్చీసరికి ఆడుండడు, ఆడొచ్చీసరికి నువ్వుండవు. ఇంకక్కడేటున్నాదిరా నీకు? సామాన్లు సర్దుకొని ఒచ్చీ." ఆమె మాటలో ఎక్కడా తప్పు లేదు. నేను గుమ్మంలోనే ఆగిపోయి చెప్పులు విప్పడం ఎలాగో మర్చిపోయాను. బావ గుండీలు పెట్టుకోవడం పూర్తి చేసి, "ఇప్పుడు కాదక్కా. మూడో ప్లేసులో ఉన్నాం" అన్నాడు.

"ఎవులు?"

"మాం. నానూ, గోదారీ."

అంత పెద్ద వాక్యం నా గురించి అప్పటిదాకా ఎవరూ అనలేదు.

బావ చివరికి తగరపువలసే వెళ్లాడు, కానీ పెళ్లయ్యాక, అక్క ఇంటికి రెండు వీధుల అవతలికి. ఇప్పుడు ఇద్దరికీ వేరే కుర్చీలు, వాటికి సరిపడా నడుములు. మొన్న ఆదివారం బావ స్టీలు డబ్బాలో చేపల పులుసు పట్టుకుని గోపాలపట్నంలో మా ఇంటికి వచ్చాడు. అక్క పంపింది, మెంతులేసి. తిన్నాక నేను అటక మీంచి ఆ పెట్టె దింపాను. నల్లదాని మీద దుమ్ము ఎంతుందో నిజంగానే తెలియలేదు. రెండో కంట్రోలర్ కవరు ఇన్నేళ్లకి విప్పి బావ చేతిలో పెట్టి, ఎదురుబొదురు జట్లు పెట్టుకుని కూర్చున్నాం. బంతి నా గోల్ దగ్గరికి తీసుకొచ్చాడు, అడ్డం ఎవరూ లేరు, అయినా బావ అక్కడక్కడే తిరుగుతూ మళ్లీ వెనక్కి వెళ్లిపోయాడు.

"కొట్టు బావా!"

"నీ మీద కొట్టడం నాకెప్పుడు అలవాటైంది, గోదారీ?" అని కంట్రోలర్‌ని జాగ్రత్తగా మళ్లీ కవరులో పెట్టేశాడు. "మన పాత టీముంటాది సూడు. ముందు నువ్వాడు, సగమయ్యాక నాకియ్యి." నేను ఆడుతూ ఉంటే వంటింట్లోకి వెళ్లి, మా ఆవిడ పెడుతున్న టీ దగ్గర ఏదో కబురు మొదలెట్టాడు. సగం ఆట అయిపోయింది. తెర మీద బొమ్మ ఆగి బావ కోసం ఎదురుచూస్తోంది. కాళ్లు తిమ్మిరెక్కాయి, నడుము లాగేస్తోంది, డాక్టరు ఎక్కువసేపు ఒకేచోట కూర్చోవద్దన్నాడు కూడా.

"అప్పుడే లేచీకు గోదారీ, వస్తన్నాను!" అని వంటింట్లోంచి కేక.

లేవలేదు. రిలీవర్ వచ్చి పక్కన నిలబడేదాకా లేవకూడదు కదా.