పురిటిగదిలో నాకు గాలి సోకిన వైనం

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మా అమ్మాయి నవ్వుతుంది, "ఎంత పాత రోజులమ్మా, నేను పుట్టిన రోజులేగా!" అని. నిజమే, చేతిలో ఫోను, వీధిలో ఆటో అన్నీ ఉన్న రోజులే. నొప్పి దగ్గర మాత్రం నేను ఏ కాలంలోనైనా పిరికిదాన్నే. చిన్నప్పుడు చెవులు కుట్టిస్తుంటే నేను పెట్టిన కేకలకు పక్కవీధి వాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారట (ఒక చెవి కుట్టించుకుని రెండోదానికి ఏడాది గడువు అడిగానని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు). అలాంటి నేను నెలలు నిండి పురిటికి మామిడికుదురు పుట్టింటికి చేరాను. మా ఆయన మస్కట్‌లో ఉన్నారు. నాకు ధైర్యం చెప్పడానికని రాజోలు నుంచి అమ్మమ్మ దిగింది. ఆరు కాన్పుల మనిషి. రోజూ నాకు జడ వేస్తూ ఆ కాన్పులన్నీ వరసగా చెప్పేది. "నోట్లో గుడ్డ కుక్కుకునేదాన్నే. బయట మగాళ్ళుంటారు, అరిస్తే ఎంత నామర్దా!" ఆవిడ ధైర్యం చెప్పేకొద్దీ నాకు అన్నం సహించడం మానేసింది. పైకి అనలేదు గానీ, ఆ నొప్పికి నేను బతికి బయటపడనేమో అని నిజంగానే భయపడ్డాను.

నొప్పులు మొదలయ్యాక ఆటోలో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మగారు చూసి, "అంతా బాగానే ఉందమ్మా. నొప్పికి గ్యాస్ ఇస్తాం, పీలుస్తావా?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా అమ్మమ్మ అందుకుంది. "గ్యాస్ కాదండీ డాక్టరమ్మగారూ, నొప్పులేనండి. గ్యాసైతే ఇంటి దగ్గరే వామునీళ్ళు పట్టించేద్దునండి." పక్కనున్న సిస్టర్ నవ్వాపుకుని, "కడుపులో గ్యాస్ కాదండీ మామ్మగారూ" అంది. దాంతో అమ్మమ్మ ముఖం పాలిపోయింది. మా వైపు గ్యాస్ రెండు రకాలే. కడుపులోది కాకపోతే చమురు బావుల నుంచి నేలకింద పైపుల్లో పోయేది. దాని వాసన వస్తే పొయ్యి ఆర్పి పరిగెత్తాలని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. అమ్మమ్మ వరండాలోకి వెళ్ళి, బెంచీ మీదున్న మగవాళ్ళందరి చేతా జేబుల్లోని అగ్గిపెట్టెలు తీయించి గేటు బయట పెట్టించిందట. సిస్టర్ వెనకాలే పరిగెత్తి, "అయ్యో, ఇది ఆక్సిజన్‌తో కలిపి పీల్చే గాలేనండీ!" అని మొత్తుకుంది. "గాలా?" అంది అమ్మమ్మ, ఇంకా అనుమానంగానే.

సిస్టర్ మాస్కు నా చేతికిచ్చింది. "నొప్పి మొదలవుతోందనగానే పీల్చండి. మీరే పట్టుకోవాలండి, ఇంకెవరూ పట్టకూడదు. మత్తెక్కితే చెయ్యి దానంతటదే జారిపోద్ది, అదే మంచిది." పీల్చాను. ముందు ఏమీ లేదు (మోసపోయామనుకున్నాను). తర్వాత పెదాలు తిమ్మిరెక్కాయి, తల తేలిపోయింది. నొప్పి పోలేదు, ఉంది. కానీ పక్కింటి వాళ్ళ టీవీలా గోడకి అవతల మోగుతోంది! నెలల తరబడి నన్ను వణికించిన నొప్పి అలా అవతల ఆగిపోయి ఉంటే నేను నోరు వెళ్ళబెట్టాను. ఆ ఆశ్చర్యం పట్టలేక నవ్వాను. నాలుగు గుక్కలు మామూలు గాలి పీలిస్తే మత్తు దిగిపోయేది. మళ్ళీ నొప్పి, మళ్ళీ మాస్కు, మళ్ళీ నవ్వు. "బాగుందా అండీ?" అని సిస్టర్ అడిగితే, "ఆయ్, బాగుందండి, మీరూ కాస్త పుచ్చుకోండి" అన్నానట (ఎంత మత్తులో ఉన్నా కోనసీమ వాళ్ళం మర్యాద మరిచిపోతామా!).

బయట అమ్మ ఫోనులో మా ఆయనకి చెబుతోంది. "ఇంకా అవలేదండీ అల్లుడుగారూ. నవ్వుతోందండి." అమ్మమ్మకి మాత్రం సంగతి తెలిసిపోయింది. "గాలి గాలంటే ఏంటో అనుకున్నాను. పిల్లకి గాలి సోకిందే!" అంటూ గేటు పక్క చెట్టు నుంచి వేపమండలు విరుచుకుని, అమ్మ లాగుతున్నా ఆగకుండా లోపలికి వచ్చేసింది. సరిగ్గా అప్పుడే నాకు నొప్పి వచ్చింది. ఒక చేత్తో మాస్కు, రెండో చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ కన్నార్పకుండా నా ముఖమే చూసింది. అంత నొప్పిలో ముఖం ఎలా మెలితిరగాలో ఆవిడకి తెలుసు. అది మెలితిరగలేదు. వేపమండలు ఆవిడ చేతిలోనే ఉండిపోయాయి.

చివర్లో మాస్కు పక్కన పెట్టించారు. అప్పుడు నొప్పి గోడ దూకి వచ్చేసింది. నేను పెదవి కొరుక్కుంటుంటే అమ్మమ్మ నా చెంప నిమిరి, "అరిచెయ్యవే తల్లీ, గట్టిగా! ఎవడున్నాడని సిగ్గు!" అంది. అరిచాను. ఆ కేకలోనే మా అమ్మాయి పుట్టింది.

సాయంత్రం పిల్లని ఒళ్ళో పెట్టుకుని అమ్మమ్మ అడిగింది. "నిజంగా నవ్వొచ్చిందా?" వచ్చిందన్నాను. పిల్ల పాదాలు నిమిరింది. "ఆరుగుర్ని కన్నాను. కాన్పులో నవ్వచ్చని నాకెవరూ చెప్పలేదే" అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ అమ్మాయికే తర్వాత చెవులు కుట్టించాం. అది కిక్కురుమనలేదు. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న నేనే కళ్ళు మూసుకుని, ముక్కు మీద అరచెయ్యి మాస్కులా బోర్లించుకుని గట్టిగా గాలి పీల్చాను. అందులో ఏమీ లేదు, మామూలు గాలే. నవ్వు మాత్రం వచ్చింది.